అద్దె బండి



ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు తల్లి ఒకామె నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా పెద్దోడూ కోడలూ టర్కీ దేశం వెళ్తారంట. అక్కడ కారు అద్దెకు తీసుకొని వాడే నడుపుతాడంట. ఊరుగాని ఊరు, భాష రాదు. మీరు చెబితే వింటాడు" అని కళ్లు తుడుచుకుంది. ఆ అబ్బాయి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కంప్యూటరు కోర్సు నేర్చుకొని, అక్కడే ఉద్యోగం సంపాదించుకొని, పంజాగుట్టలో కాపురం పెట్టాడు. నాకు హైదరాబాదులో పని ఉండగా వాళ్లింటికి వెళ్లాను. మానిపించాలని వెళ్లినవాణ్ణి, అతని మాటలు విన్నాక మానమని చెప్పలేకపోయాను.

అతడు బల్లమీద పటం పరచి, ప్రక్కన బైబిలు తెరిచి పెట్టుకున్నాడు. మధ్యధరా సముద్రం ఒడ్డున అంటాల్యా అనే పట్టణం ఉంది. అపొస్తలుల కార్యములు 14:25లో మనం చదివే అత్తాలియ అదే. పౌలు, బర్నబా తమ మొదటి సువార్త ప్రయాణం ముగించి అక్కడే ఓడ ఎక్కారు. అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే పెర్గే శిథిలాలు ఉన్నాయి. మార్కు అనే యోహాను వారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లింది ఆ పెర్గే నుండే (13:13). సముద్రం ఒడ్డునే పడమరగా సుమారు 140 కిలోమీటర్లు వెళ్తే దెమ్రె అనే ఊరు వస్తుంది. అదే మూర. ఖైదీగా రోమాకు వెళ్తున్న పౌలును శతాధిపతి అలెక్సంద్రియ ఓడలోనికి మార్చిన రేవు అది (27:5,6). నాలుగవ శతాబ్దంలో నికొలాసు బిషప్పుగా ఉన్నదీ ఆ ఊళ్లోనే. ఆయన పేరున్న ప్రాచీన దేవాలయం నేటికీ అక్కడ నిలిచి ఉంది. ఇంకా ముందుకు వెళ్తే పతర (21:1). పౌలు ఓడ మారిన ఆ రేవు కాలక్రమంలో ఇసుక మేట వేసి పూడిపోయింది.

"బస్సులు ఉన్నాయి అయ్యగారూ. కాని అవి ఊళ్ల మధ్య తిరుగుతాయి. ఈ శిథిలాలు రోడ్డు దిగి లోపలికి వెళ్తే గాని కనబడవు. ఆమె గర్భవతి కాకముందే ఒక్కసారి చూసి వద్దామని" అన్నాడు. అప్పుడు నేను, "వెళ్లు బాబూ, అయితే తెలిసి వెళ్లు" అన్నాను. ఇద్దరం కూర్చొని ఒక్కొక్కటే విచారించాం. మీ ఇళ్లలోనూ విదేశాలకు వెళ్లే బిడ్డలు ఉన్నారు గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటిది, లైసెన్సు. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్టు కూడా దగ్గర ఉంచుకోవడం మంచిది. మన చిరునామా ఏ రవాణా కార్యాలయం పరిధిలో ఉంటే అక్కడ ఫారం 4ఎ నింపి, పాస్‌పోర్టు చూపించి దరఖాస్తు చేయాలి. దీనికి కేంద్ర నియమాల ప్రకారం రుసుము 1000 రూపాయలు. ఏడాదికి మించి చెల్లదు. రెండవది, టర్కీలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. మనకు పూర్తిగా తిరగబాటు. మొదటి దినాన్నే కొండ మలుపుల దారి పట్టక, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద అలవాటు చేసుకోవాలి. మూడవది, డబ్బు. అద్దె వేరు, డిపాజిట్టు వేరు. నడిపేవాని పేరున ఉన్న క్రెడిట్ కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. కారు క్షేమంగా తిరిగి చేరాకే దానిని వదులుతారు. నాలుగవది, ఇన్సూరెన్సు. టైర్లకు, అద్దాలకు, బండి అడుగు భాగానికి జరిగిన నష్టం సాధారణంగా దానిలో చేరదు. ప్రమాదం జరిగితే పోలీసు రిపోర్టు లేనిదే సొమ్ము రాదనే షరతు కూడా ఉంటుంది. కాబట్టి సంతకం పెట్టకముందే కాగితం ఆసాంతం చదవాలి. బండి చుట్టూ తిరిగి, ఉన్న గీతలన్నీ ఫోటోలు తీసి, కాగితం మీద వ్రాయించుకోవాలి. ట్యాంకు నిండా ఇస్తే నిండా నింపి అప్పగించాలి.

మన ఊళ్లలో అద్దె బండ్ల విషయమూ ఒక మాట. మనమే నడుపుకునే అద్దె కార్లకు మన దేశంలో 1989 నాటి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. వాటికి నల్ల పలక మీద పసుపు అక్షరాలతో నెంబరు ఉంటుంది. తెల్ల పలక ఉన్న బండి సొంత వాడకానికి మాత్రమే. తక్కువకు వస్తుందని అలాటి బండిని అద్దెకు తెచ్చుకుంటే, ప్రమాదం జరిగిన దినాన ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయవచ్చు. పట్నంలో హాస్టళ్లలో ఉంటున్న మీ బిడ్డలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇవన్నీ అయ్యాక ఆ అబ్బాయి, "అయ్యగారూ, మీరెప్పుడైనా అద్దె కారు నడిపారా?" అని అడిగాడు. నా ముఖం చిన్నబోయింది. నడిపాను. అంతకు ముందటి ఏడాది మా చెల్లెలి కూతురి పెండ్లికి అమీర్‌పేటలో ఒక కారు అద్దెకు తీసుకున్నాను. పెండ్లి నుండి తిరిగి వస్తూ, పంజాగుట్ట వెనుక ఒక సందులో బండిని వెనక్కు తీస్తుండగా ఎడమ తలుపు గేటు స్తంభానికి గీసుకుంది. జానెడు గీత. ఎవరూ చూడలేదు. చీకటి పడిన తరువాత కారు అప్పగించాను. గుమాస్తా సరిగా చూడకుండానే సంతకం చేయించుకున్నాడు. డిపాజిట్టు వాపసు వస్తుందన్నాడు. ఆ నెల మా పాప స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టాలి. నేను మాట్లాడకుండా మెట్రో స్టేషను దారి పట్టాను.

వెనుక సీట్లో కూర్చొని అంతా చూసిన నా పదేండ్ల కొడుకు స్టేషను మెట్ల దగ్గర ఆగి, "నాన్నా, ఆ గీత సంగతి చెప్పవా?" అన్నాడు. పుల్పిట్టు మీద ఎన్నో ప్రసంగాలు చేసిన నాకు ఆ మెట్టు మీద జవాబు దొరకలేదు. తిరిగి వెళ్లి చెప్పాను. డిపాజిట్టులో 3,500 రూపాయలు కోసుకున్నారు. పాప ఫీజు నెల ఆలస్యమైంది, జరిమానా కూడా కట్టాం. అయితే ఆ గుమాస్తా అన్న ఒక మాట నేటికీ నన్ను విడువలేదు. "మీరు చెప్పకపోతే సార్, రేపు ఉదయం బండి తీసుకునే ఆయన మీద పడేది."

అంతవరకు అది నాకూ ఆ కంపెనీకీ మధ్య సంగతి అనుకున్నాను. నా మౌనానికి వెల చెల్లించేవాడు ముక్కూ మొగమూ తెలియని ఇంకొకడని నాకు తట్టనే లేదు.

నిర్గమకాండము 22:14,15 వచనాలను మనం గబగబా చదివి దాటిపోతాం. ఒకడు పొరుగువాని పశువును వాడుకకు తీసుకుపోగా, యజమానుడు దగ్గర లేని సమయంలో దానికి హాని కలిగితే ఆ నష్టం తీసుకుపోయినవాడే భరించాలి. యజమానుడు దానితో కూడ ఉంటే భరించనక్కరలేదు. అద్దెకు తెచ్చినదైతే ఆ అద్దెలోనే అది చెల్లుతుంది. చూశారా, ఎడ్లూ గాడిదలూ ఉన్న దినాలలోనే దేవుడు ఈ భేదాలన్నీ ఏర్పరచాడు. డ్రైవరుతో కూడ వచ్చిన కారుకూ మనమే నడుపుకునే కారుకూ ఉన్న భేదం కూడా ఇటువంటిదే. అద్దె ఎంతవరకు నష్టాన్ని మోస్తుందో నేడు ఒప్పంద కాగితం చెబుతుంది. మిగిలినది మనది. యజమానుని కన్ను లేనిచోట మన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. రాజులు రెండవ గ్రంథము ఆరవ అధ్యాయంలో గొడ్డలి నీళ్లలో పడినప్పుడు ఆ ప్రవక్త శిష్యుడు కేక వేసింది ఇనుము పోయినందుకు కాదు, అది ఎరవు తెచ్చినది గనుక.

పల్లెల్లో మనం ఎరవు తెచ్చుకోనిది ఏముంది? పక్కింటి స్ప్రేయరు, మేనమామ ట్రాక్టరు, పెండ్లికి తెచ్చిన వంట గిన్నెలు, సంఘపు కుర్చీలు. కాలు విరిగిన కుర్చీని వరుస మధ్యలో దూర్చి పెట్టి వచ్చేస్తాం. మరుసటి ఆదివారం దాని మీద కూర్చొని పడేది ఒక ముసలమ్మ. పోయిందని చెప్పి బాగుచేయించి ఇస్తే ఖర్చు వందో రెండు వందలో. చెప్పకపోతే మన పిల్లలు నేర్చుకునే పాఠం ఖరీదు ఎంత?

పౌలు తిరిగిన ఓడల్లో ఒక్కటీ ఆయనది కాదు. రోమాలో ఆయన రెండు సంవత్సరాలు కాపురమున్నదీ అద్దె ఇంట్లోనే (28:30). మన పొలమూ, మన బిడ్డలూ, ఈ దేహమూ అట్టివే. అప్పగించే దినం ఒకటి ఉంది.

ఆ దంపతులు వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చారు. దెమ్రె దారిలో రాయి తగిలి కారు అద్దం బీటవారిందట. తానే ముందుగా చెప్పి, కొంత సొమ్ము కట్టి వచ్చానని ఫోనులో చెప్పాడు. వాళ్లమ్మ సంతోషంతో సంఘానికి కృతజ్ఞతార్పణ ఇచ్చింది. అద్దం సంగతి మాత్రం ఆమెకు ఇంకా తెలియదు. అది కూడా చెప్పమని అబ్బాయికి చెప్పాను.

మన చేతికి వచ్చిన ప్రతిదానిని, వచ్చిన తీరుకంటె మేలుగా తిరిగి అప్పగించే నమ్మకత్వము ప్రభువు మన కుటుంబాలకు దయచేయును గాక. ఆమేన్.