చిరునామా మారినపుడు

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్లు జిల్లా విభజనతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు అవతరించాయి. ఎవరి ఇల్లూ కదలలేదు; చిరునామాలో జిల్లా పేరు మాత్రం మారింది. ములుగు వాసులకైతే 2019లో మరోసారి మారింది. అయినా జనగామ 506167గానూ, మహబూబాబాద్ 506101గానూ, భూపాలపల్లి 506169గానూ నిలిచినందువల్ల తపాలా బట్వాడాకు ఆధారం చెదరలేదు.

కళాశాల వెబ్‌సైటును ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు తరలించినపుడు జరిగేది దీనికి తలక్రిందులు. అక్కడ పేరు నిలిచి ఉంటుంది, ఇల్లే కదులుతుంది. ప్రతి సర్వరుకూ ఐపీ అడ్రసు అనే అంకెల చిరునామా ఉంటుంది. పేరు చెబితే ఆ అంకెలు తెలిపే డీఎన్‌ఎస్ అనే వ్యవస్థను 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. ఒకసారి తెలుసుకున్న అంకెలను మధ్యనున్న యంత్రాలు కొంతకాలం జ్ఞాపకం పెట్టుకుంటాయి. ఆ గడువు 86,400 సెకన్లని వ్రాసి ఉంటే, ఒక రోజంతా అవి పాత ఇంటి తలుపే తట్టవచ్చు.

పాత ఇల్లు మూసి ఉంటే పుట తెరుచుకోదు. అది చిన్న కష్టం. తెరిచి ఉంటేనే పెద్ద ప్రమాదం. మహబూబాబాద్ విద్యార్థి చివరి రోజున పంపిన దరఖాస్తు పాత సర్వరులో పడుతుంది, రసీదు కూడా వస్తుంది, కొత్త జాబితాలో మాత్రం అతని పేరుండదు. అప్పుడు ‘నీ నెట్టు బాగాలేదు’ అని అతనినే తప్పుపట్టడం అన్యాయమని మా అభిప్రాయం.

లోపాన్ని కనిపెట్టడం బ్రహ్మవిద్య కాదు. అదే పుటను ల్యాబులోను, మొబైల్ డేటాతో ఫోనులోను తెరిచి చూడాలి. ఒకచోట కొత్తది, మరొకచోట పాతది కనిపిస్తే మొదట ఈ జ్ఞాపకాన్నే అనుమానించాలి. విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్ ఫ్లష్‌డీఎన్‌ఎస్’ అనే ఆదేశం ఆ ఒక్క కంప్యూటరు జ్ఞాపకాన్ని తుడుస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ యంత్రాల విషయంలో గడువు తీరేదాకా వేచి ఉండవలసిందే. ఏ ప్రోగ్రాములోనైనా పేరుకు బదులు అంకెలే వ్రాసి ఉంచితే, ఎన్నాళ్ళు వేచినా ఫలితముండదు, వెదికి మార్చాలి.

కనుక కమిటీవారికి మా విన్నపం. తరలింపునకు రెండు రోజుల ముందే ఆ గడువును 300 సెకన్లకు తగ్గించమని పని చేసేవారికి చెప్పండి. పాత సర్వరు దరఖాస్తులు స్వీకరించకుండా, వచ్చినవారిని కొత్తచోటికి పంపుతూ కొన్ని రోజులు నడవనివ్వండి. ఆ కొద్ది అద్దెకు వెనుకాడవద్దు. ప్రవేశాల నెలలో మాత్రం తరలింపు మాటే తలపెట్టవద్దు.