ఫిల్మ్ నగర్ గుట్టపై డేగల లెక్క

ఆశ్వయుజము ప్రవేశించి, వానమబ్బులు తొలగి, ఫిల్మ్ నగర్ గుట్టమీది బండరాళ్లు ప్రొద్దున తొమ్మిది గంటలకే వేడెక్క నారంభించు దినములలో, దైవసన్నిధానమునకు వచ్చిన భక్తులు దర్శనము చేసికొని, ప్రసాదము కండ్ల కద్దుకొని, గోలకొండ వైపు ఒకమారు చూచి దిగిపోవుదురు. ఆ వేళనే వారి తలలకు ఎంతో పైన, ఉత్తరదేశములనుండి బయలుదేరిన డేగలు, గద్దలు, పిల్లిగద్దలు దక్షిణమునకు సాగిపోవుచుండును. ఏటేట ఒకేచోట నిలిచి వాటిని లెక్కించు వాడుక మన నగరమున ఇంకను స్థిరపడలేదు. అది స్థిరపడవలెనని, ఈ గుట్టయే అందులకు తగిన తావని నా విన్నపము.

ఒకనాటి ఉదయము కేబీఆర్ ఉద్యానము వైపున మన ఊరి గద్దలు ఏడెనిమిది వేడిగాలి సుడిలో రెక్క లాడింపక చుట్లు తిరుగుచు పైకి లేచుచుండెను. తోక చీలియుండుటచేత గద్దను పసివాడైనను గుర్తుపట్టును. వాటి నడుమ తోక చీలని పక్షి యొకటి కానవచ్చెను. దుర్భిణి నిలిపి చూచుచుండగా, అది మలుపు తిరిగి నాకు ఎదురైన క్షణమున, మెడకు ఇరుప్రక్కల, రెక్కలు మొదలగు చోట, రెండు తెల్లని మచ్చలు తళుక్కుమన్నవి. ఉడతల గద్ద! శీతకాలమునకు మన దేశమునకు వలసవచ్చు చిన్న గరుడజాతి. సుడి కొస కెక్కినంతనే రెక్కలు కొంచెము ముడిచి, మెల్లగా జారి, కనుమరుగైపోయెను. నేర్చినవారు లెక్కించునది ఆ జారుటలోనే. సుడిలో ఒకే పక్షి నాలుగుమార్లు కంటబడి లెక్క తప్పించును, సుడి విడిచి ఒకదాని వెనుక నొకటి జారునప్పుడు వ్రేళ్లు మడచుచు ఎంచవచ్చును.

లెక్కించి యేమి లాభమని అడుగువారికి రాబందుల గతి చెప్పవలెను. భరతపురమునందలి కేవలదేవ్ ఉద్యానమున వాటిని ఏండ్ల తరబడి ఎంచియుండుటచేతనే, 1990ల దశాబ్దమున అవి కూలిపోవుచున్న సంగతి లోకమునకు తెలిసినది. పశువుల కిచ్చు డైక్లోఫెనాక్ మందు దానికి కారణమని తేలి, 2006లో ఆ వాడకమును నిషేధించునాటికి దేశమున నూటికి తొంబదికి పైగా నశించినవి. మన పల్లెల పొలిమేరలలో వాలు రాబందులు ఏ యేట ఎన్ని తగ్గినవో చెప్పు చిట్టా మన చేతిలో లేకపోవుట నన్ను నేటికిని బాధించుచున్నది. అమెరికాలో రోజలీ ఎడ్జ్ అను మహిళ, వేటగాండ్ర తుపాకుల బారినుండి కాపాడిన హాక్ మౌంటెన్ కొండపై 1934లో లెక్క మొదలయ్యెను. పిల్ల గరుడపక్షుల సంఖ్య తగ్గుచున్నదని ఆ చిట్టా చూపగా, రేచెల్ కార్సన్ 1962లో డీడీటీ అను పురుగుమందుపై వ్రాసిన గ్రంథమున దానినే సాక్ష్యముగా నిలిపినది.

ఇచ్చట లక్షలు కనబడవు. జార్జియా దేశములోని బటూమి కడ, సముద్రమునకును కొండలకును నడుమ దారి ఇరుకగుటచేత, ఒక్క శరత్తులోనే పదిలక్షలు లెక్కకు వచ్చును. దక్కను పీఠభూమి విశాలము, అవి చెదరిపోయి దాటును. అయినను దాటుట నిజము. నాగాలాండులో 2012లో అమూరు డేగలు వలలకు చిక్కి వేలకొలదిగా చచ్చెను, మరుసటి యేడు అచ్చటి గ్రామస్థులే వాటిని కాపాడిరి. ఆ పిమ్మట ఉపగ్రహ యంత్రములు కట్టి విడిచిన డేగలలో కొన్ని, గుప్పెడు శరీరముతో, మన తెలుగునేల మీదుగానే అరేబియా సముద్రము దాటి ఆఫ్రికా చేరినవి.

చూచువారు మనకు లేకపోలేదు. సలీం అలీ 1931-32లోనే నిజాం రాజ్యమున పక్షుల పరిశీలన సాగించెను. 1980లో ఈ నగరమున పక్షి వీక్షకుల సంఘము వెలసెను. దూరపు దృశ్యమును కెమెరాలో పట్టి నిలుపు నేర్పుగలవారు వీధి కొకరున్న పేట యిది. దసరానాడు పాలపిట్టకై ఆకాశమును వెదకు అలవాటు ఇంటింట కలదు. ఆ దసరా మొదలు కార్తిక పూర్ణిమ వరకు, రోజును తొమ్మిదింటినుండి పండ్రెండింటివరకు, ఇద్దరు గుట్టపై కూర్చుండిన చాలును. ఒక నోటుపుస్తకమున తేది, గంట, గాలివాలు, మబ్బు, పక్షి పేరు, సంఖ్య అని గడులు గీయవలెను. ఏమియు కనబడని దినమున సంఖ్య గడిలో సున్న వ్రాసి, క్రింద సంతకము చేయవలెను.