ఇంటిపేరు అడిగే అమెరికా

పోయినేడు ఆగస్టులో మన మండలంలోని ఒక వాడ నుంచి ఒక ఆడపిల్ల ఎమ్మెస్ చదవటానికి అమెరికా పోయింది. అమ్మ పత్తి ఏరే కూలి. నాయన మేస్త్రీ దగ్గర సిమెంటు పనికి పోతడు. బయలుదేరే ముందురోజు సాయంత్రం వాడంతా ఆ ఇంటి ముందే ఉంది. అంబేద్కర్ విగ్రహానికి దండేసిండ్రు. ఫొటోలు దిగిండ్రు. మామిడికాయ తొక్కు, కారంపొడి మూటలు కట్టి సూట్‌కేసును కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి తూచి, ఎక్కువైందని తీసి, మళ్లీ సర్దిండ్రు. ఇదంతా అయినంక ఆ పిల్ల మమ్మల్ని పక్కకు పిలిచి ఒక్క మాట అడిగింది.

"సార్, అక్కడ గూడ ఇంటిపేరు అడుగుతరా?"

చలికి తట్టుకుంటనా అని అడగలేదు. ఇంగ్లిషుతో నెగ్గుకొస్తనా అని అడగలేదు. ఇంటిపేరు అడుగుతరా అని అడిగింది. అడగరమ్మా అంటే అబద్ధం. అడుగుతరంటే రేపు విమానమెక్కే పిల్ల గుండె మీద బండ పెట్టినట్లు. "అడిగితే చెప్పు, దాచకు" అన్నాం. చెప్పటం తేలికే. ఏడాదిగా ఆ పిల్ల ఫోన్లో చెప్పిన సంగతులు విన్నాక, ఆ రోజు ఎంత తేలిగ్గా అనేశామో ఇప్పుడు తెలుస్తున్నది. ఆమె అనుమతితోనే, ఆమె పేరూ ఊరూ లేకుండా, ఈ సంగతులు రాస్తున్నాం.

ముందు డబ్బు సంగతి. పరాయి దేశంలో కుదురుకోవటం విమానం దిగినంక మొదలవుతుందని అనుకుంటాం. మన పిల్లలకు అది బ్యాంకు మేనేజరు బల్ల ముందే మొదలవుతుంది. తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ విద్యార్థికి 20 లక్షల దాకా ఇస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. పథకం మంచిదే. అది లేకపోతే మన వాడల నుంచి అమెరికా మాట ఎత్తేవాళ్లే ఉండరు. కాని అందులో ఒక మెలిక ఉంది. మొదటి 10 లక్షలు రావాలంటే ఆ దేశంలో దిగినట్లు కాగితం, ఐ-94, చూపించాలి. రెండో 10 లక్షలకు మొదటి సెమిస్టరు ఫలితం చూపించాలి. ఇల్లు కట్టి చూపించండి, ఇటుకలకు డబ్బులిస్తాం అన్నట్లుంది.

దిగకముందే కట్టాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడండి. వీసా దరఖాస్తుకు 185 డాలర్లు. సెవిస్ రుసుం 350 డాలర్లు. విమానం టికెట్టు. మొదటి సెమిస్టరు ఫీజు. గదికి అడ్వాన్సు. అసలు మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బున్నట్లు కాగితం చూపిస్తేనే యూనివర్సిటీ ఐ-20 పంపుతుంది. ఆ ఐ-20 లేనిదే వీసా ఇంటర్వ్యూ లేదు. ఇవన్నీ ఎవరు కట్టాలి?

బ్యాంకుకు పోతే, ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఆస్తి హామీ పెట్టమన్నరు. మన ఆస్తి ఏముంది? ఆ పిల్ల తాత పేరు మీద ఎకరం పది గుంటల అసైన్డ్ భూమి. అసైన్డ్ భూముల చేతులు మారకుండా 1977లో చట్టం తెచ్చారు. మన భూమి మన దగ్గర నిలవటానికి తెచ్చిన చట్టం, దాన్ని తప్పు పట్టం. కాని ఆ మేనేజరు పట్టా కాగితాన్ని వేలికొసతో వెనక్కి నెట్టిన తీరు ఆ పిల్ల నాయన ఇప్పటికీ చెప్తడు. చివరికి, ఎవరి చేనులో తల్లి పత్తి ఏరుతున్నదో ఆ ఆసామి దగ్గరే నాలుగు లక్షలు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిండ్రు. నెలకు 12 వేలు మిత్తి. విద్యానిధి మొదటి విడత వచ్చేసరికి ఎనిమిది నెలలయింది. మిత్తికే 96 వేలు పోయినయి. తల్లి ఆ ఎనిమిది నెలలు వేరే చేనుకు కూలికి పోయే స్వేచ్ఛ కూడా లేకుండా అదే చేనులో పనిచేసింది.

వీసా ముద్ర పడిన రోజే మొదటి విడత విడుదల చెయ్యాలె. ఆ డబ్బు పిల్లల చేతికి ఇవ్వటం ఇష్టం లేకపోతే నేరుగా యూనివర్సిటీకి కట్టండి, మాకేం అభ్యంతరం లేదు. ఈ ఒక్క డిమాండు మీద ప్రతి మండల కేంద్రంలో వినతిపత్రం ఇవ్వాలని కార్యకర్తలను కోరుతున్నాం.

ఢిల్లీ వాళ్లది ఇంకో తీరు. 1954-55 నుంచి నడుస్తున్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో ఒక నిబంధన పెట్టారు: భారతదేశ సంస్కృతి, చరిత్ర, సామాజిక విషయాల మీద చదవటానికి విదేశానికి పోతే ఈ స్కాలర్‌షిప్ ఇవ్వరట. 1916 మే నెలలో కొలంబియా యూనివర్సిటీలో బాబాసాహెబ్ చదివిన వ్యాసం దేని మీద? భారతదేశంలో కులాల మీద. ఇవాళ్టి నిబంధన ఆనాడు ఉండి ఉంటే ఆయన దరఖాస్తు మొదటి గుమాస్తా దగ్గరే ఆగిపోయేది. 2025లో అయితే ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తరాలిచ్చి, నిధులుంటే చూద్దామని మిగతావాళ్లను ఆపారు. సీటు తెచ్చుకున్న పిల్ల జులై నెలలో నిధుల కోసం ఎదురుచూస్తే ఆగస్టులో క్లాసులకు ఎట్ల పోతది?

బాబాసాహెబ్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి గుర్తు చేసుకుందాం. 1913 జులైలో ఆయన న్యూయార్కులో దిగిండు. వయసు 22. బరోడా మహారాజు ఇచ్చే స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌన్లు. కొన్నాళ్లకు లివింగ్‌స్టన్ హాలు అనే హాస్టల్లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. తర్వాత లండన్ చదువుకు అప్పు కావలసి వచ్చినప్పుడు ఆదుకున్నవాడు కూడా ఆ భతేనాయే. అక్కడ ఉన్న రోజుల్లో తాను అంటరానివాణ్ననే స్పృహే మనసులోంచి పోయిందని తర్వాత ఆయనే రాసుకున్నడు. 1917లో బరోడా తిరిగి రాగానే ఆ స్పృహ కర్రలు పట్టుకొని ఎదురొచ్చింది. ఉండటానికి ఇల్లు దొరకక ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు మీద తలదాచుకుంటే, పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు.

అంటే ఆనాడు అవమానం ఇక్కడ, ఊపిరి అక్కడ. ఎందుకంటే ఆనాడు అమెరికాలో మనవాళ్లు లేరు. ఇవాళ ఉన్నారు. లక్షల్లో ఉన్నారు. మన పిల్ల దిగింది అమెరికాలోనే అయినా, ఉండబోయింది తెలుగు ఇంట్లో.

డల్లాస్ పక్కన ఒక ఊరు. రెండు పడక గదుల అపార్టుమెంటు, అయిదుగురు ఆడపిల్లలు, హాల్లో పరదా కట్టుకొని ఒకరు. గది వెతుక్కున్నది ఇక్కడి నుంచే, వాట్సాప్ గ్రూపులో. అమెరికా ఇంటి యజమాని అడిగేది రెండే. క్రెడిట్ స్కోరు ఉందా? సోషల్ సెక్యూరిటీ నంబరు ఉందా? కొత్తగా పోయినవాళ్లకు రెండూ ఉండవు. అందుకే ముందే ఉన్న తెలుగువాళ్ల లీజులో చేరాలె. ఆ తెలుగువాళ్లు అడిగేవి వేరు. ఏ ఊరు? నాన్నగారు ఏం చేస్తారు? ఎన్ని ఎకరాలు? ఇంజనీరింగ్ ఏ కాలేజీ? ఎంసెట్‌లో ఎంత ర్యాంకు? ఈ చివరి ప్రశ్న చూడండి. ఆ ర్యాంకుకు ఆ కాలేజీలో సీటు ఎట్లొచ్చిందో లెక్కగడితే కులం బయటపడుతుంది. మన ఊళ్లో నేరుగా "మీరేమిట్లు?" అని అడుగుతరు. అక్కడ లెక్కలు చేసి కనుక్కుంటరు. చదువుకున్నోళ్లు గదా!

మా పిల్ల దాచలేదు. చెప్పింది. ఎవరూ తిట్టలేదు. వెళ్లిపొమ్మనలేదు. వారం తిరిగేసరికి వంటింట్లో అరలు పంచుకున్నరు. వంతుల వంట బంద్ అయింది, "ఎవరిది వాళ్లు చేసుకుంటే ఈజీ కదా" అని. తర్వాత చూస్తే నలుగురికి వంతులు నడుస్తూనే ఉన్నయి. క్యాంపస్ భోజనశాలలో పని ఖాళీ అయినప్పుడు ఒకరి నుంచి ఒకరికి కబురు పోతది. ఆ కబురు ఆమెకు రాలేదు. సాక్ష్యం ఏముంది? ఏమీ లేదు. ఒక్కొక్కటి చెప్తే "ఇంత చిన్నదానికా" అంటరు. చదువు కోసం అప్పు మీద పోయిన పిల్ల రాత్రిళ్లు పుస్తకం ముందు కూర్చొని, వాళ్లు నవ్వింది దేనికని ఆలోచిస్తే ఆ సెమిస్టరు ఏమవుతది?

ఒక మాట రాయకపోతే తప్పు. మొదటి రోజు ఎయిర్‌పోర్టుకు కారు తీసుకొచ్చినవాడు ఒక రెడ్ల పిల్లగాడు. పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. అట్లాంటివాళ్లూ ఉన్నరు. మేము మాట్లాడుతున్నది ఒక్కొక్క మనిషి మంచితనం గురించి కాదు. గది, పని, రెఫరల్, ఉద్యోగం - అన్నీ ఎవరి చేతుల మీదుగా నడుస్తున్నయో దాని గురించి.

ఇది ఒక్క పిల్ల కథ కాదు. ఈక్వాలిటీ ల్యాబ్స్ అనే సంస్థ అమెరికాలో సర్వే చేసి 2018లో అచ్చువేసింది. చదువు దగ్గర వివక్ష చూశామని దళిత విద్యార్థుల్లో ముగ్గురికి ఒకరు, పనిచోట చూశామని ముగ్గురికి ఇద్దరు చెప్పారు. మనవాళ్లు అక్కడా కొట్లాడిండ్రు. 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ కులవివక్షను నిషేధించింది. 2022 జనవరిలో 23 క్యాంపస్‌ల కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన నిబంధనల్లో కులాన్ని చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టం చేసింది, అమెరికాలో అదే మొదటి నగరం. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభలు బిల్లును ఆమోదిస్తే, అక్టోబరులో గవర్నరు న్యూసమ్ వీటో చేసిండు. ఉన్న చట్టాలే చాలునన్నడు. ఆ బిల్లును ఆపమని గొంతు చించుకున్నవాళ్లలో భారతీయ సంఘాలే ముందున్నయి. కులం లేదు అంటూనే, కులాన్ని నిషేధిస్తే ఒప్పుకోమన్నరు. లేనిదాన్ని నిషేధిస్తే వీళ్లకు పోయేదేమిటి?

జనవరిలో మా పిల్ల ఆ ఇల్లు మారింది. ఇప్పుడు ఉంటున్నది ఒక నేపాలీ అమ్మాయి, నర్సింగ్ చదివే ఒక నల్లజాతి అమ్మాయితో. గది చిన్నది, బస్సుకు ఎక్కువ దూరం. కాని వంట ముగ్గురూ కలిసే. ఇక్కడ మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. అక్కడి తెలుగువాళ్లు నల్లజాతివాళ్లను 'కల్లు' అంటరు. మన పిల్లలూ నెల తిరగకుండానే ఆ మాట నేర్చుకుంటున్నరు. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి నాయకుడు డుబోయిస్‌కు ఉత్తరం రాసిండు. 1972లో బొంబాయిలో మన యువకులు బ్లాక్ పాంథర్ల పేరు చూసే దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నరు. ఆ ఉత్తరం తెలియని పిల్లకు వీసా ఉన్నా ఏం లాభం? ఇంకొకటి. ఆ ఊళ్లోనే మనవాళ్లు మరో ఇద్దరు కలిసినప్పుడు మొదట అడిగింది "మాలనా, మాదిగనా?" అట. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్లకుంది, ఈ పత్రికలో రెండూ రాశాం. కాని పద్నాలుగువేల కిలోమీటర్లు పోయి ఇద్దరం రెండు మూలల్లో కూర్చుంటే గది ఎవరు చూపిస్తరు?

పోయేవాళ్లకు మా పిల్ల పంపిన మాటలు కొన్ని. మొదటి నెలకైనా యూనివర్సిటీ హాస్టల్లోనో, యూనివర్సిటీ చూపించిన ఇంట్లోనో ఉండండి, ఖర్చు ఎక్కువైనా సరే. అక్కడికి పోయి మనుషుల్ని చూసి గది మాట్లాడుకోవచ్చు. ఐ-20, పాస్‌పోర్టు, ఐ-94 నకళ్లు ఇంట్లో ఒకరి దగ్గర పెట్టి పోండి, విద్యానిధి కాగితాల కోసం నాయన తిరిగేటప్పుడు కావాలి. సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని, అదీ క్యాంపస్‌లోనే. పెట్రోలు బంకులో నగదుకు పని ఇప్పిస్తామనే తెలుగు అన్నలు దొరుకుతరు. దొరికిపోతే పోయేది మీ వీసా, ఆ అన్నది కాదు. అవమానం జరిగిన రోజే తారీఖు వేసి రాసిపెట్టుకోండి, మెసేజీలు చెరపకండి. మీ యూనివర్సిటీ నిబంధనల్లో కులం అనే మాట ఉందో లేదో పోయిన వారంలోనే చూడండి. లేకపోయినా విదేశీ విద్యార్థుల ఆఫీసుకు పోయి చెప్పండి. వాళ్లకు అర్థం కాదు, విడమరచి చెప్పాలె. ఆమె మూడుసార్లు చెప్పింది.

చదువు అయిపోతే అప్పు తీరుతుందని లెక్కవేసుకునే తల్లిదండ్రులకూ ఒక మాట. చదివిన తర్వాత ఒక ఏడాది, సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు ఇంకో రెండేళ్లు ఓపీటీ కింద పనిచెయ్యొచ్చు. ఆ తర్వాత హెచ్-1బి. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుం పెట్టారు. ఏజెంటు ఈ సంగతి చెప్పడు. ఊళ్లో ఒకరు పోయిండ్రని ఇంకొకరు ఇల్లు తాకట్టు పెట్టకండి. పోవద్దని అనటంలేదు. లెక్క కాగితం మీద వేసుకొని పోండి.

మా సంఘం కొత్తగా ఒక నోటుపుస్తకం తెరిచింది. మన జిల్లా నుంచి పోయిన మన పిల్లలు ఏ దేశం, ఏ ఊరు, గదిలో ఖాళీ ఉందా అని వాళ్లను అడిగే రాసుకుంటున్నాం. ఇప్పటికి పదకొండు పేర్లే ఉన్నయి. రాబోయే ఆగస్టుకు మీ వాడ నుంచి ఎవరైనా బయలుదేరుతుంటే, జూన్ లోపల మీ మండల కార్యకర్తకు పిల్ల పేరు, యూనివర్సిటీ, దిగే ఊరు చెప్పండి. డల్లాస్‌లో దిగేవాళ్లయితే ఎయిర్‌పోర్టుకు తానే వస్తనని, మొదటి వారం తన గదిలోనే ఉండొచ్చని మా పిల్ల చెప్పి పంపింది. తొక్కు మాత్రం కొంచెం ఎక్కువ తెమ్మన్నది.