అనార్కలి అసలు పేరేమిటి?

అనార్కలి అన్నది పేరు కాదు జనాబ్. దానిమ్మ మొగ్గ. ఆమె రంగు చూసి బాద్షా ఇచ్చిన ఖితాబ్ అని కిస్సా చెబుతుంది. అమ్మీ అబ్బా పిలిచిన పేరు వేరే ఏదో ఉండాలి. ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రాసిన ఉర్దూ డ్రామాలో నాదిరా అన్నాడు. ఇంకో కిస్సాలో షరఫున్నిసా. ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకున్నారు. అక్బర్‌నామాలో ఆమె లేదు. జహంగీర్ స్వయంగా రాసుకున్న తుజుక్‌లోనూ లేదు. ఆ కథను మొదట కాగితం మీద పెట్టినవాడు 1611లో లాహోర్ వచ్చిన విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వర్తకుడు. లాహోర్‌లో ఆమెదని చెప్పే మక్బరా ఇప్పుడు పంజాబ్ సర్కారు పాత కాగితాలు దాచే దఫ్తర్. అన్ని కాగితాల కింద పడుకున్న ఆ పిల్ల అసలు పేరు మాత్రం పక్కాగా చెప్పే కాగితం లేదు.

పేరు తెలీదు, ఊరు తెలీదు, ఎవరి బిడ్డో తెలీదు. గోరీ అని మాత్రం ముల్క్ మొత్తానికి తెలుసు. నా ఝగడా ఇక్కడే మొదలవుతుంది.

గోదావరోళ్లకు ఈ అనార్కలి పరాయిదేం కాదు. 1955లో తెలుగు తెర మీద ఆమెగా కనిపించింది మన పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి. నిర్మాత, సంగీత దర్శకుడు ఆమె భర్త ఆదినారాయణరావు. ఇద్దరూ కాకినాడ నాటకాల్లోంచి మద్రాసు వెళ్లినవాళ్లే. నాగేశ్వరరావు సలీం, ఎస్వీ రంగారావు అక్బర్. ఆ పాటలు మా ఇళ్లలో బుజుర్గులు ఇప్పటికీ కూనిరాగం తీస్తారు. నాకూ ఇష్టమే, అబద్ధం ఎందుకు? అంజలీదేవి నటన మీద నాకు షికాయత్ లేదు. షికాయత్ అంతా కథ మీద. అది చూసి బయటికి వచ్చినవాడికి ఏం గుర్తుంటుంది? ఇష్క్. బాద్షా గుస్సా. గోడ కట్టడం. ఆ పిల్ల కనీజ్ అన్న సంగతి, అంటే ఇంకొకరి సొత్తు అన్న సంగతి, ఇష్క్‌కు అడ్డొచ్చిన రుకావట్‌గా మాత్రమే గుర్తుంటుంది. కట్నం కుదరక ఆగిపోయిన రిష్తాలాగా. అసలామె మహల్లోకి ఎలా వచ్చింది? వెళ్లిపోతానంటే దర్వాజా తెరిచేదెవరు? సలీం కాకుండా ఇంకో షహజాదా వేలు చూపించి ఉంటే కాదనగలిగేదా? ఈ సవాళ్లు ఎవరూ వేయరు. వేస్తే పాట ఆగిపోతుంది.

గులాములకు పేర్లు ఎలా పెట్టేవారో ఒకసారి చూడండి. యాకూత్, అంబర్, కాఫూర్, మర్జానా. కెంపు, సుగంధం, కర్పూరం, పగడం. మనుషుల పేర్లా అవి, అత్తరు దుకాణం పట్టీయా? 1310లో ఓరుగల్లు కోట ముందు ఫౌజ్‌తో నిలబడ్డ మాలిక్ కాఫూర్‌ను హజార్ దీనారీ అనేవారు. వెయ్యి దీనార్లకు కొన్నవాడు అని. అంత పెద్ద సిపాసాలార్ అయ్యాక కూడా ఒంటి మీద ధర చీటీ ఊడలేదు. మన ఆడవాళ్లు ఫోన్లలో ఉర్దూ డబ్బింగ్‌తో చూసే తుర్కీ సీరియల్ ‘మేరా సుల్తాన్’లో హుర్రమ్ కూడా అంతే. హుర్రమ్ అంటే నవ్వుముఖం. ఈనాటి ఉక్రెయిన్ వైపు నుంచి దాడిలో ఎత్తుకొచ్చి అమ్మిన పిల్లకు పెట్టిన పేరు నవ్వుముఖం! సీరియల్ చూసే మన బెహన్‌లకు ఆమె కిరీటం, ఆమె జేవర్, ఆమె ఎత్తుగడలు కంఠతా వచ్చు. ఆమెను ఎత్తుకొచ్చిన రాత్రి గురించి అడగండి, గుర్తుండదు.

మన ఉర్దూ అదబ్‌లో సరాపా అని ఒకటుంది. తల నుంచి పాదం దాకా హుస్న్‌ను వర్ణించడం. మహబూబా మీద షాయర్ రాసుకుంటే రాసుకోనివ్వండి. కానీ తారీఖీ నవలల్లో కనీజ్ గుమ్మంలో అడుగుపెట్టగానే అదే సరాపా మొదలవుతుంది. కళ్లు, పెదాలు, మెడ, నడుము, చీలమండ. రంగు తప్పనిసరి: పాలు, వెన్నెల, సంగ్‌మర్‌మర్. ఇది ఆషిక్ నజర్ అని మనకు చెబుతారు. కాదు, ఇది ఖరీద్దారు నజర్. 11వ శతాబ్దంలో బగ్దాద్ హకీం ఇబ్న్ బుత్లాన్ బానిసల్ని కొనేవాళ్ల కోసం ఒక రిసాలా రాశాడు. ఏ ముల్క్ ఆడది ఏ పనికి పనికొస్తుంది, ఒళ్లు ఎలా తనిఖీ చేయాలి, అమ్మేవాడు రంగులు పూసి ఒంటి ఛాయ ఎలా మారుస్తాడు, అన్నీ ఉన్నాయి. పశువుల సంతకు పోయేవాడికి పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తలే. ఆ పట్టీలోంచి ధర తీసేసి, ఉపమలు చేర్చండి. మీ అభిమాన నవల మూడో పేజీ తయారు.

మరి మన దీవాన్‌ఖానాల్లో జరిగేదేమిటి? రాజమండ్రిలో గానీ, నర్సాపురంలో గానీ, ఒక రిష్తా వస్తే మొదటి సవాల్ ఏది? నమాజ్ చదువుతుందా? కాదు. ఎంతవరకు చదివింది? కాదు. “లడ్కీ గోరీ హై నా?” చాయ్ ట్రే పట్టుకుని పిల్ల బయటికి వస్తుంది. ఖాలాలు, ఫూఫీలు పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. నడిపిస్తారు, మాట్లాడిస్తారు, జడ పొడుగు చూస్తారు. తర్వాత ఫోటో చూస్తే తెల్లగా ఉంది, మనిషి చామనఛాయ అని కబురు పెడతారు. ఇబ్న్ బుత్లాన్ చెప్పిన జాగ్రత్త పాటించారన్నమాట! ఆ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ను 2020లో కంపెనీ తీసేసింది. 1975 నుంచి అది నేర్పిన సబక్ మన దిమాగుల్లోంచి ఎవరు తీస్తారు?

ఇప్పుడు మన నేల సంగతికి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేదాకా ఈ డెల్టా కూడా కరువు నేలే. ఇప్పటి పచ్చదనం చూసి నమ్మబుద్ధి కాదు. కహత్ వచ్చిన ఏడాది అమ్మానాన్న బిడ్డల్ని అమ్ముకున్నారు. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ ఈ కోరమాండల్ తీరం పొడుగునా, కరువు ఏడాదుల్లో మరీ ఎక్కువగా, మనుషుల్ని కొని బటావియాకు, సిలోన్‌కు ఓడలెక్కించింది. పాలకొల్లులో, ద్రాక్షారామంలో, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ల కోఠీలు ఉండేవని మన పిల్లలకు తెలుసో లేదో. 18వ శతాబ్దం చివర్లో కోరంగి, యానాం వైపు నుంచి బానిసల్ని మారిషస్ దీవులకు పంపారు. గులామీ రద్దయ్యాక కూలీలుగా అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లను కూడా కోరంగీలనే పిలిచారు. రేవు పేరే మనుషుల పేరైంది. ఇక్కడ హిందుస్తాన్‌లో 1843 చట్టంతో బానిసత్వాన్ని కోర్టులు గుర్తించడం ఆగింది.

ఆ ఓడలెక్కిన ఆడపిల్ల ఎలా ఉండి ఉంటుంది? మన కోనసీమ పిల్లలాగే. ఎండకు నల్లబడ్డ ఒళ్లు, కరువుకు పైకి తేలిన ఎముకలు, ఉప్పునీటికి అట్టకట్టిన జుట్టు. ఆమె మీద దాస్తాన్ ఏది? మన ఊరి రేవులోంచి వెళ్లిన పిల్ల మీద ఒక్క సినిమా చూశారా మీరు? చూడరు. ఎందుకంటే ఆమె గోరీ కాదు. అందం లేకపోతే ఆమె మీద జరిగిన జుల్మ్ కూడా కథకు పనికిరాదు. ఈ లెక్క తలకిందులుగా చూస్తే ఇంకా భయంకరం: అందం ఉంటే జుల్మ్ కూడా ఇష్క్ అయిపోతుంది.

పాత కథలు అన్నీ ఇలాగే ఉన్నాయని అనను, ఇన్సాఫ్ ముఖ్యం. అలీబాబా కథలో దొంగల పన్నాగం పసిగట్టేది మర్జానా. నూనె కాచేది ఆమె, నాయకుణ్ణి చంపేది ఆమె. అలీబాబా ఖుల్ జా సిమ్‌సిమ్ తప్ప చేసిందేం లేదు. అలిఫ్ లైలాలోనే తవద్దుద్ అనే కనీజ్ ఖలీఫా దర్బార్‌లో ఆలిములను, హకీములను సవాల్ జవాబుల్లో ఓడిస్తుంది. ఈ ఇద్దరిలో మనకెవరు గుర్తున్నారు? తవద్దుద్ పేరే వినలేదు. మర్జానాను గుర్తుపెట్టుకున్నాం, ఆమె నాట్యం చేసింది గనక.

సరిగ్గా చూపించినవాళ్లు ఉన్నారు. బి. నర్సింగరావు 1988లో ‘దాసి’ తీశారు. తెలంగాణ గడీ, దొర, పనిమనిషిగా అర్చన. మేకప్ లేని నల్లటి ముఖం, ముతక చీర. ఊడవడం, నీళ్లు మోయడం, రాత్రి పిలిస్తే వెళ్లడం. పాటలు లేవు. బిడ్డను కూడా కడుపులో ఉంచుకోనివ్వరు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. సినిమాను మన ఇళ్లలో ఎంతమంది చూశారు? బోర్ అంటారు. అవును, గులామీ బోర్‌గానే ఉంటుంది, రోజూ అదే పని. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ గడీలు నిజాం సల్తనత్ నీడలో నిలిచినవే. నవాబుల డేవడీల్లో ఏం జరిగేదో హైదరాబాద్ జిందగీని దగ్గరగా చూసిన వాజిదా తబస్సుమ్ ‘ఉత్రన్’లో రాసింది. బేగం కూతురు విడిచేసిన బట్టలు కట్టుకుని పెరిగిన పనిమనిషి కూతురి కోపం ఆ కథ. దాన్ని ఆధారం చేసుకుని మీరా నాయర్ 1996లో ఒక ఇంగ్లీషు సినిమా తీసింది. పేరు రాయను, పిల్లలు చదువుతారు. హైదరాబాద్ డేవడీ కాస్తా 16వ శతాబ్దపు రాజమహల్ అయింది, కోపం కాస్తా ఒంటి అందమైంది. ఉత్రన్‌కే మళ్లీ జరీ అంచు కుట్టారు.

మరో తరహా రచయితలు ఈమధ్య ఎక్కువయ్యారు. సుల్తాన్ అంటే కామాంధుడు, హరమ్ నిండా తెల్లటి అమ్మాయిలు, పలచటి ముసుగులు. మనల్ని బద్‌నామ్ చేయడానికి రాస్తారు. కానీ గమనించండి, వాళ్లకు కూడా ఆ ఆడది బొమ్మగానే కావాలి. ఆమె కన్నీళ్లు వాళ్లకు మన మీద విసరడానికి రాళ్లు. దీనికి మన నౌజవాన్లు ఇచ్చే జవాబు ఇంకా అధ్వానం: “మా వాళ్లు కనీజ్‌లను రాణుల్లా చూసుకున్నారు!” భాయ్, రాణిలా చూసుకున్నవాడు వెళ్లిపోనిచ్చాడా? ఆ ఒక్క ముక్క చెప్పు. ఖుర్ఆన్ సూరా బలద్‌లో మెడ విడిపించడాన్ని ఎక్కవలసిన కొండదారి అంది. మెడలో ముత్యాల హారం వేయమనలేదు.

బరీరా (రజి) సంగతి బుఖారీలో ఉంది. బానిసగా ఉండి ఆజాద్ అయింది. భర్త ముగీస్ ఇంకా గులామే, ఆమె అంటే ప్రాణం. ఆమె అతన్ని వద్దనుకుంది. అతను మదీనా వీధుల్లో గడ్డం తడిసేలా ఏడుస్తూ ఆమె వెనక తిరిగేవాడు. రసూలుల్లాహ్ (స) జాలిపడి, తిరిగి వెళ్లకూడదా అని ఆమెను అడిగారు. ఇది హుకుమా అని అడిగింది ఆమె. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే నాకు అతను అక్కర్లేదు అంది. అంతే, ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. నిన్నటిదాకా కనీజ్‌గా ఉన్న ఆడది అల్లాహ్ ప్రవక్త ముందు నిలబడి ‘వద్దు’ అంది, ఆ వద్దు చెల్లింది. ఆ కిస్సాలో ముగీస్ రంగు చెబుతారు, కన్నీళ్లు చెబుతారు. బరీరా కళ్ల గురించి, నడుము గురించి ఒక్క ముక్క లేదు. మన నవలాకారుల చేతికి ఇస్తే ఆమెను ముందు తెల్లగా చేసి, తర్వాత ముగీస్‌ను షహజాదా చేసి, చివరికి ‘ఒప్పుకుంది’ అని రాస్తారు.

“అరే, కహానియే కదా, ఎందుకింత గుస్సా?” అంటారు. చెబుతాను. ఈ రెండు గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లల్లో పనికి వెళ్లారో మీ గల్లీలోనే లెక్కపెట్టండి. మన మొహల్లా వాళ్లు, పక్క పేట దళిత ఆడవాళ్లు, అందరూ. 30 ఏళ్లు నిండాలని సర్కారు నిబంధన. వయసు కాగితాలు సర్దేసే ఏజెంటు ప్రతి ఊళ్లో ఉంటాడు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి. కఫాలా కింద అతని ఇజాజత్ లేకుండా ఇల్లు మారడానికి లేదు. ఇల్లు మంచిదైతే నసీబ్, కాకపోతే సబర్. 2019లో బీబీసీ అరబిక్ వాళ్లు కువైట్‌లో ఒక యాప్ బయటపెట్టారు. పనిమనుషుల్ని ఒక యజమాని ఇంకో యజమానికి అమ్ముకుంటున్నాడు. ఫోటో, ధర, ఏ ముల్క్ మనిషి కావాలో ఎంచుకునే వీలు. ఇబ్న్ బుత్లాన్ రిసాలా ఫోన్‌లోకి వచ్చింది. ఆ ఫోటోల్లో సరాపా లేదు, కాబట్టి మనకు కనీజ్ కనిపించలేదు. ‘ఖద్దామా’ అన్నారు, మనమూ అదే మాట నేర్చుకుని ఊరుకున్నాం.

అదే ఇంట్లో, అదే రాత్రి, అమ్మీ కువైట్ నుంచి పంపిన పైసలతో కొన్న ఫోన్‌లో కూతురు మేరా సుల్తాన్ తర్వాతి భాగం చూస్తూ ఉంటుంది. పక్కన క్రీము ట్యూబు. ఈ ముగ్గురిలో, అంటే హుర్రమ్, అమ్మీ, తను, ఎవరి కథ తన కథ అని ఆ పిల్లకు మనం నేర్పాం?

కలం పట్టుకున్న భాయీ బెహన్‌లకు ఒక గుజారిష్. కోరంగి మీద రాయండి. ఎక్కువ దూరం కూడా లేదు, కాకినాడ నుంచి ఆటో ఎక్కి మడ అడవుల దాకా పొండి. రేవు పూడిపోయింది, బురద, పీతలు, బోటు షికారుకొచ్చిన జనం ఉంటారు. అక్కడ ఓడెక్కిన ఒక పిల్లను తీసుకోండి. ముందు ఆమెకు వాళ్లమ్మ పెట్టిన పేరు పెట్టండి.