బోర్డు మీద మన పీసులున్నాయి, మన నిమిషాలేవీ?

హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్స్‌లో పనిచేసే టైలరు అక్కచెల్లెళ్లకు, హెల్పర్లకు, చెకింగ్, ఐరన్ సెక్షన్ల అన్నదమ్ములకు.

ఈ కాగితం మడిచి పారేసే ముందు ఒక్కసారి చదవండి. బస్సు కదిలేలోపు అయిపోతుంది.

మా లైన్లో మిషన్ మిషన్‌కీ ఒక ట్యాబ్ బిగించారు. బండిల్ టికెట్ స్కాన్ చేయగానే మన లెక్క పోయి లైన్ చివరున్న పెద్ద టీవీలో పడుతుంది. పచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు పడితే చాలు, ఇన్‌చార్జి వచ్చి నెత్తిన నిలబడతాడు. "ఏమ్మా 14వ నంబరూ, పొద్దున్నించి రెడ్‌లోనే ఉండావే, రేత్రి నిద్ర పోలేదా?" ట్యాబ్ వచ్చినప్పటి నుంచి మాకు పేర్లు కూడా పోయాయి.

ఆ రెడ్ ఎట్లా పడుతుందో చూద్దాం రండి. మొన్న బుధవారం మా లైన్లో కాలరు అతికే అక్క, కొడుకు పాత నోటుబుక్కు తెచ్చుకుని రోజంతా రాసి పెట్టింది. కాలరుకు కంపెనీ కట్టిన టైము 0.60 నిమిషం. అంటే గంటకు 100, షిఫ్టుకు 480 నిమిషాల్లో 800. ఆమె కుట్టింది 615. 615 కాలర్లకు 0.60 చొప్పున 369 నిమిషాల పని. దాన్ని 480తో భాగించి ట్యాబ్ 77 శాతం అంది. 85 దాటితేగానీ పచ్చ రాదు. ఎరుపు పడింది, సాయంత్రం తిట్లూ పడ్డాయి.

ఇక నోటుబుక్కు సంగతి. 35 నిమిషాలు వెనక నుంచి బండిళ్లు రాక ఖాళీగా కూర్చుంది. మిషన్ దారం తెంపుతుంటే మెకానిక్ కోసం 20 నిమిషాలు. ఒకసారి సూది విరిగింది. సూది విరిగితే ఏమవుతుందో మనకు తెలుసు గదా: ముక్కలన్నీ వెతికి ఏరాలి, మిషన్ కింద, గుడ్డల్లో, ఒళ్లో. మొన కూడా దొరకాలి. అన్నీ కలిపి రిజిస్టర్లో అతికిస్తేగానీ కొత్త సూది ఇవ్వరు. చిన్న పిల్లల చొక్కాలో సూదిమొన పోకూడదు, కాబట్టి అది మంచి నియమమే. కానీ దానికి 15 నిమిషాలు పట్టింది. మొత్తం 70. చేతిలో పని ఉన్నది 410 నిమిషాలే. 369ని 410తో భాగించండి. 90 శాతం! పచ్చ రావాల్సిన మనిషి రెడ్‌లో నిలబడి తిట్లు తినింది.

ట్యాబ్‌లో "మిషన్ ఆగింది" అనే మీట లేదా అంటారేమో. ఉంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కొడితేనే తెరుచుకుంటుంది. ఆయన నొక్కితే ఆ నిమిషాలు ఆయన ఖాతాకు పోతాయి. ఆయన పైనా ఒక బోర్డు ఉంది మరి, ఎందుకు నొక్కుతాడు?

ఉన్న మాట చెప్పాలి. మేము ట్యాబ్‌లు పీకెయ్యమనడం లేదు. పుస్తకంలో గీతలు గీసి పీసులు లెక్కేసిన రోజుల్లో ఎన్ని మాయమయ్యేవో, ఎంతమంది ఏడ్చేవాళ్లో పాతవాళ్లను అడగండి. స్కాన్ వచ్చాక ఆ గొడవ తీరింది. లెక్క రావడం మంచిదే, సగం లెక్కతోనే తంటా.

సగం లెక్కతో పని పెరుగుతుందా? రెడ్‌కు భయపడి లాగిస్తే ఆల్టర్ పీసులు పెరుగుతున్నాయి. కాలరు వంకర పోయి చెకింగ్ నుంచి వెనక్కొస్తుంది, విప్పి మళ్లీ కుట్టాలి. బాత్రూముకు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేశారు సగం మంది. మధ్యాహ్నం మూడుకి తలనొప్పి, ఆ తర్వాత చెయ్యి నడవదు. ఆ నష్టం ఏ బోర్డులోనూ కనపడదు.

ధర్మవరం మగ్గాల ఇళ్లలో పుట్టినోళ్లు మనలో చాలామంది ఉన్నారు. పోగు తెగితే ఆగి ముడేసుకుంటేనే బట్ట సాగుతుందని వాళ్లకు చెప్పక్కర్లేదు. జపాన్‌లో సకిచి తొయోదా 1924లో తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగగానే తనంతట తనే ఆగేది. టొయోటా కార్ల ఫ్యాక్టరీకి అదే పద్ధతి వచ్చింది. లైన్లో తప్పు కనపడితే పనివాడే తాడు లాగుతాడు, దీపం వెలుగుతుంది, సాయం చేయడానికి పైవాడు పరుగెత్తుకొస్తాడు. తిట్టడానికి కాదు! అక్కడ మీట పనివాడి చేతిలో ఉంది. మన దగ్గర పాస్‌వర్డ్ వెనక ఉంది.

ఫ్రాన్స్‌లో అమెజాన్ గోదాముల్లోనూ ఇట్లాగే స్కానర్లతో కాపలా కాశారు. ఒక వస్తువు స్కాన్ చేశాక 1.25 సెకన్లలోపే ఇంకోటి చేసినా తప్పే, 10 నిమిషాలు స్కానర్ ఊరికే ఉన్నా తప్పే. ప్రతి ఆగుడుకూ సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి తెచ్చారని 2024 జనవరిలో అక్కడి డేటా రక్షణ సంస్థ 3 కోట్ల 20 లక్షల యూరోల జరిమానా ప్రకటించింది.

మన దగ్గరా చట్టం ఉంది. విశ్రాంతి వేళలు గానీ క్రమశిక్షణ నియమాలు గానీ మార్చాలంటే యజమాని ముందుగా నోటీసిచ్చి 21 రోజులు ఆగాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే చెబుతోంది. "బాత్రూముకు 5 నిమిషాలే" అన్న కొత్త రూలుకు మీలో ఎవరికైనా నోటీసు వచ్చిందా?

మనం అడగాల్సింది పెద్దదేం కాదు. "మిషన్ ఆగింది" మీట మన వేలికి అందాలి. బండిల్ రాని నిమిషం, కరెంటు పోయిన నిమిషం, సూది వెతికిన నిమిషం 480 లోంచి తీసేయాలి. ప్రతి పనికీ ఎంత టైము కట్టారో, ఎట్లా కట్టారో తెలుగులో రాసి గోడకు అతికించాలి. టీవీలో మనిషి మనిషికీ రంగు వేయడం ఆపి, లైన్ లెక్క మాత్రం చూపించాలి. నీళ్లకు, బాత్రూముకు పోయినందుకు ఎవరినీ రెడ్‌లో పెట్టకూడదు.

ఒక్కరు అడిగితే రేపు లైన్ మారుస్తారు. అందుకే ఈ సోమవారం నుంచి శనివారం దాకా ప్రతి ఒక్కరూ ఆగిన ప్రతి నిమిషమూ రాయండి: ఎప్పుడు ఆగింది, ఎందుకు, మళ్లీ ఎప్పుడు మొదలైంది. రాయడం రాని అక్కలకు పక్క మిషన్ చెల్లెలు రాసిపెట్టాలి. బండిల్ టికెట్ వెనక రాసినా సరే.

ఆ పై ఆదివారం సాయంత్రం 5 గంటలకు కంపెనీ బస్సులు ఆగే చోట, చింతచెట్టు కింద కలుద్దాం. పిల్లల్ని తెచ్చుకోండి, ఫరవాలేదు. అన్ని లైన్ల నోటుబుక్కులు ఒకచోట పెట్టి కూడతాం, ఆ మొత్తంతోనే సోమవారం మేనేజర్ దగ్గరికి పోతాం. కింద మా పేర్లు ఎందుకు వేయలేదో మీకు తెలుసు. చదివాక పక్కవాళ్లకు ఇవ్వండి.

— మీ పక్క మిషన్ల వాళ్లం