మొదటి ప్రాజెక్టుకు ఫోన్ ఛార్జరే మేలు

ఆర్డుయినో ఊనో అనే ఎలక్ట్రానిక్స్ బోర్డుతో ఓనమాలు దిద్దే పిల్లలకు చాలామంది 9 వోల్టుల చిన్న బ్యాటరీ కొనిపెడతారు. తగిలించడం తేలికే గానీ, దాని సామర్థ్యం సుమారు 500 మిల్లీయాంపియర్ అవర్లే. పైగా బోర్డు మీది రెగ్యులేటర్ 9 వోల్టులను 5కు దించుతూ దాదాపు 44 శాతం శక్తిని వేడిగా తగలేస్తుంది. చిన్న సర్వో మోటారు కదలగానే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ కావచ్చు. పిల్లలేమో కోడ్‌లో తప్పు వెతుక్కుంటారు. ఇంట్లో ఉన్న నాణ్యమైన 5 వోల్టుల ఫోన్ ఛార్జర్‌ను యూఎస్‌బీ పోర్టుకు కలిపితే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

కదిలే బొమ్మకు ఛార్జర్ ఎలా అంటారా? పవర్ బ్యాంక్ ఉంది. కరెంటు మరీ తక్కువ వాడితే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయన్నది నిజమే, కొనేముందే పరీక్షించుకోవాలి. మోటార్లకు విడిగా నాలుగు ఏఏ సెల్స్ పెట్టి, గ్రౌండ్ తీగలు కలిపితే చాలు. ఖర్చు కూడా కలిసొస్తుంది.