తియ్యటి ట్యూన్, చేదు నవ్వు

1978లో బ్రిటన్‌లో విడుదలైనప్పుడు దాని పేరు 'జీసస్ ఆఫ్ కూల్'. అదే ఆల్బమ్‌ను అమెరికాలో 'ప్యూర్ పాప్ ఫర్ నౌ పీపుల్' అని పేరు మార్చి అమ్మారు. భక్తుల మనోభావాలకు జడిసే కంపెనీలు అక్కడా ఉంటాయి కాబోలు. సంగీత వ్యాపారాన్ని ఆటపట్టించిన రికార్డుకు ఆ వ్యాపారులే మళ్లీ నామకరణం చేయడం భలే జోకు.

గాయకుడు నిక్ లో. స్టిఫ్ రికార్డ్స్ సంస్థ 1976లో తెచ్చిన తొలి సింగిల్ 'సో ఇట్ గోస్' ఆయనదే. తయారీకి 45 పౌండ్లు అయిందని చెబుతారు. ఎల్విస్ కాస్టెల్లో తొలి ఐదు ఆల్బమ్‌ల ప్రొడ్యూసర్ కూడా ఆయనే. స్టూడియోలో ముందు బాదేయడం, మెరుగులు తర్వాత దిద్దుకోవడం ఆయన పద్ధతి. చిలిపితనానికీ కొదవ లేదు. డేవిడ్ బౌవీ 1977లో 'లో' అనే ఆల్బమ్ తెచ్చాడు. తన ఇంటిపేరు చివరి 'ఈ' అందులో ఎగిరిపోయిందని నిక్ గమనించాడు. బౌవీ పేరు చివరి 'ఈ'ని కూడా తీసేసి, ఆ పేరునే తన తర్వాతి రికార్డుకు పెట్టాడు!

పంక్ కుర్రాళ్లు గొంతు చించుకుంటున్న ఆ రోజుల్లో ఆయన కోపాన్ని తియ్యటి బాణీల్లో చుట్టి ఇచ్చాడు. మూడు నిమిషాల పాట, గిటార్ల జోరు, వెనక కోరస్. అదే పవర్ పాప్. 'మ్యూజిక్ ఫర్ మనీ', 'షేక్ అండ్ పాప్' పాటలు రికార్డు కంపెనీల మీద నేరుగా విసుర్లు. 'ఐ లవ్ ద సౌండ్ ఆఫ్ బ్రేకింగ్ గ్లాస్' బ్రిటన్ చార్టుల్లో 7వ స్థానానికి చేరింది. వినదలచిన వారికి 2008లో వచ్చిన రీఇష్యూ మేలు. రెండు దేశాల వెర్షన్ల పాటలూ అందులో దొరుకుతాయి.

అన్నిటిలో వదలనిది 'మేరీ ప్రోవోస్ట్'. మూకీల నాటి తార మేరీ ప్రివోస్ట్ 1937లో హాలీవుడ్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా చనిపోయింది. ఆకలేసిన పెంపుడు కుక్క ఆమెను పీక్కుతిందన్న కథను కెనెత్ ఆంగర్ పుస్తకం 'హాలీవుడ్ బాబిలోన్' ప్రచారంలో పెట్టింది. నిక్ దాన్ని హాయైన కోరస్‌గా మలిచాడు. శ్రోత కూనిరాగం తీస్తాడు, తీస్తున్నదేమిటో తెలిసి ఉలిక్కిపడతాడు. పాట గొప్పదే. కానీ ఆమె పేరు స్పెల్లింగే తప్పు, కథా తప్పే. ఆమెను బలిగొన్నది తాగుడు. కాళ్ల మీద ఉన్నవి చిన్న పంటిగాట్లు. యజమానురాలిని లేపడానికే కుక్క అలా కొరికిందని అప్పటి పోలీసులు భావించారు.